మోటార్ యాట్‌లో ఉపకరణాలు, అలారాలు మార్చడం: ముందు మీటరు, తరువాతే పానా

ఈ వ్యాసాన్ని ఒక రకం నావను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. 1980ల చివరి నుంచి 2000ల తొలి సంవత్సరాల వరకు అమెరికాలో కట్టిన, 45 నుంచి 60 అడుగుల పొడవు, రెండు డీజిల్ ఇంజిన్లు ఉన్న మోటార్ యాట్ అది. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ కాలువల వెంబడి ఇలాంటివి వరుసగా కట్టి ఉంటాయి. వాటిలో ఎయిర్ కండిషనర్లు, వాటర్ హీటరు, కరెంటు పొయ్యి, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఉంటాయి. వీటితోపాటు అడుగున నీరు చేరితే మోగేది, ఇంజిన్ వేడెక్కితే మోగేది, గదిలో విషవాయువు పెరిగితే మోగేది అంటూ ఏడెనిమిది అలారాలుంటాయి. ఇరవై ముప్పై ఏళ్లలో ముగ్గురు నలుగురు యజమానులు, వారు పిలిపించిన పనివాళ్లు తలా ఒక తీగ కలిపి ఉంటారు కనుక, నావతో వచ్చిన వైరింగ్ పటానికీ చెక్కపలక వెనక ఉన్నదానికీ పొంతన ఉండదనే అనుకుని పని మొదలుపెట్టండి.

"పాడైపోయింది, కొత్తది బిగించండి" అని యజమాని చెప్పిన వస్తువుల్లో చాలా వాటిని నేను మార్చకుండానే పనిచేయించి వచ్చాను. లోపం వస్తువులో కాక దానికి కరెంటు చేరే దారిలో ఉండటమే అందుకు కారణం. పాతదాన్ని విప్పక ముందే ఈ సంగతి తేల్చుకోకపోతే, వేల డాలర్ల కొత్త ఫ్రిజ్ కూడా అదే తుప్పుపట్టిన జాయింటు మీద మళ్లీ మొరాయిస్తుంది.

కరెంటు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చూడండి

ఇంట్లో మెయిన్ ఆపితే కరెంటు పోయినట్టే. నావలో అలా కాదు. గట్టు మీది నుంచి వచ్చే షోర్ పవర్, జనరేటర్, ఇన్వర్టర్ అనే మూడు దారుల్లో 120 వోల్టులు రావచ్చు. బ్యాటరీ గుత్తులు రెండు మూడు ఉంటాయి. నావ అడుగున చేరే నీటిని తోడేసే బిల్జ్ పంపు వంటివి మెయిన్ బ్యాటరీ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకే కలిపి ఉంటాయి. అందుకని షోర్ పవర్ తీగను గట్టు మీద కరెంటు ఇచ్చే పీఠం దగ్గర ఆపి, రెండు చివరలా ఊడదీయండి. జనరేటరుకు దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఉంటే దాన్ని నిలిపివేసి, ఇన్వర్టరును దాని సొంత స్విచ్‌తో ఆపండి. ప్యానెల్ మీద బ్రేకరు దించడంతో సరిపెట్టుకోకుండా దానికి ఒక చీటీ కట్టండి; ఎవరో పైన కాఫీ కాచుకోవాలని బ్రేకరు ఎత్తిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్న ప్రతివారికీ ఒకటైనా ఉంటాయి. ఆ తరువాత పనిచేయబోయే చోటనే మీటరు పెట్టి సున్నా చూడండి. ఆ మీటరును అంతకు ముందూ ఆ తరువాతా కరెంటు ఉన్న ఒక చోట పెట్టి, అది సరిగా చూపిస్తోందని నిర్ధారించుకోండి.

తీగల రంగుల విషయంలో మన దగ్గర పని నేర్చుకుని వెళ్లినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఇళ్ల వైరింగ్ చేసిన చేతికి నలుపు అంటే న్యూట్రల్. అమెరికా నావలో 120 వోల్టుల వైపు నలుపు అంటే ఫేజు, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. అదే నావలో 12 వోల్టుల వైపు, పాత పద్ధతిలో కట్టినదైతే, నలుపు అంటే నెగటివ్. ఒకే నావలో నలుపుకు ఇలా రెండు అర్థాలు ఉండటం వల్లనే అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాలు 12 వోల్టుల నెగటివ్‌కు పసుపు రంగును సూచిస్తాయి. కానీ మీరు విప్పే నావలో ఆ మార్పు సగమే జరిగి ఉండవచ్చు. ఐరోపా నావల్లోనైతే గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఎర్తు. కాబట్టి తీగ ఏమిటో రంగును చూసి కాక మీటరు పెట్టి తేల్చుకోండి.

ఫ్రిజ్: విప్పే ముందు వినండి, కొలవండి

12 లేదా 24 వోల్టుల మీద నడిచే నావ ఫ్రిజ్‌లలో ఎక్కువ భాగం డాన్‌ఫాస్ తయారుచేసిన బీడీ35, బీడీ50 కంప్రెసర్ల మీద ఆధారపడినవే. ఆ విభాగం 2010లో చేతులు మారి సెకాప్ పేరు పెట్టుకుంది కనుక పెట్టె మీద రెండు పేర్లలో ఏదైనా కనిపించవచ్చు. కంప్రెసర్ పక్కన చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. దాని ప్లస్, డీ టెర్మినళ్ల మధ్య చిన్న ఎల్ఈడీ కలిపితే లోపాన్ని మినుకుల సంఖ్యతో చెబుతుంది. కొన్ని ఫ్రిజ్‌లలో ఆ దీపం ముందే బిగించి వస్తుంది. ఒక మినుకు అంటే బ్యాటరీ వోల్టేజి తక్కువై రక్షణ కోసం ఆగింది. రెండు అంటే ఫ్యాను మితిమీరి కరెంటు తాగుతోంది. మూడు అంటే మోటారు మొదలుకాలేకపోతోంది. నాలుగు అంటే భారం ఎక్కువై కనీస వేగం నిలబెట్టుకోలేకపోతోంది. అయిదు అంటే ఎలక్ట్రానిక్ పెట్టె వేడెక్కింది.

ఎక్కువసార్లు మీకు కనిపించేది ఒక మినుకే. యజమాని బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు చూసి, "బ్యాటరీ బాగానే ఉంది, కంప్రెసర్ పోయింది" అంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, తప్పు చోట కొలిచారు, అది కూడా తప్పు సమయంలో. 12 వోల్టుల ఏర్పాటులో మామూలు అమరికలో ఈ పెట్టె 10.4 వోల్టుల దగ్గర ఆగిపోయి, 11.7కు చేరేవరకు మళ్లీ మొదలుకాదు. మీటరు ముల్లులను ఎలక్ట్రానిక్ పెట్టె టెర్మినళ్ల మీదే ఉంచి, థర్మోస్టాట్ తిప్పి, కంప్రెసర్ మొదలయ్యే ఆ ఒకటి రెండు క్షణాల్లో వోల్టేజి ఎంతకు పడిపోతుందో చూడండి. ఆగి ఉన్నప్పుడు 12.5 చూపించి, మొదలవుతుండగా 10కి పడితే లోపం తీగలోనో, ఫ్యూజు గూటిలోనో, ఎక్కడో పచ్చగా చిలుము పట్టిన క్రింపులోనో (తీగను నొక్కి బిగించిన జాయింటు) ఉందని అర్థం.

ఎక్కడుందో పట్టుకోవడానికి తీగలన్నీ విప్పనక్కరలేదు. ఫ్రిజ్ నడుస్తుండగా మీటరు ఒక ముల్లును బ్యాటరీ ప్లస్ మీద, రెండోదాన్ని ఫ్రిజ్ ప్లస్ టెర్మినల్ మీద పెట్టండి. అప్పుడు కనిపించే వోల్టేజి ఆ దారిలో పోయిన వోల్టేజి. నెగటివ్ వైపు కూడా అలాగే చూడండి. చాలామంది ఈ రెండోది మరచిపోతారు, లోపం సగంసార్లు అక్కడే దొరుకుతుంది. తరువాత రెండో ముల్లును ఫ్యూజుకు అటూ ఇటూ, స్విచ్‌కు అటూ ఇటూ జరుపుతూ పోతే ఎక్కడ అంకె ఒక్కసారిగా దూకుతుందో అదే మీరు వెతుకుతున్న చోటు.

తీగ మరీ సన్నదైనా ఇదే జరుగుతుంది. ప్యానెల్ నుంచి ఫ్రిజ్‌కు 25 అడుగులు ఉంటే వెళ్లి రావడానికి 50 అడుగుల తీగ. ఫ్రిజ్ 6 ఆంపియర్లు తీసుకుంటే 14 గేజి తీగలో దాదాపు 0.75 వోల్టు పోతుంది, అంటే ఆరు శాతానికి పైన. అదే ఇంకా లావైన 10 గేజి తీగలో 0.3 వోల్టు, రెండున్నర శాతం. ప్రమాణాలు సాధారణ ఉపకరణాలకు 10 శాతం వరకు ఒప్పుకుంటాయి గానీ, ఫ్రిజ్ విషయంలో నేను 3 శాతానికి మించనివ్వను. రాత్రంతా లంగరు వేసుకుని బ్యాటరీ మీద నడిచే వస్తువుకు ఆ పోయిన అర వోల్టే తెల్లవారుజామున ఆగిపోవడానికీ ఆగకపోవడానికీ మధ్య తేడా.

వోల్టేజి బాగుండి కూడా చల్లబడకపోతే కండెన్సర్ దుమ్మును, ఫ్యానును, తలుపు రబ్బరును చూడండి. గ్యాసు తక్కువైందని తేలితే అక్కడ ఆగండి. అమెరికాలో శీతలీకరణ గ్యాసు గొట్టాలు విప్పడానికి పర్యావరణ సంస్థ ధృవపత్రం ఉండాలి, ఆ పని ఆ పత్రం ఉన్నవారిదే.

కొత్తదాన్ని కొనే ముందు తలుపులు కొలవండి

ఈ నావలు కట్టేటప్పుడు వంటగది సామాను లోపల పెట్టాకే పైకప్పు బిగించినవి చాలా ఉంటాయి. పాత ఫ్రిజ్ ఎలా లోపలికి వచ్చిందో ఎవరికీ తెలియదు. బయటికి మాత్రం మీరే తీయాలి. కొత్తదాని కొలతలను ఖాళీ గూటితో పోల్చి సంతోషపడకుండా, సెలూన్ (నావలో కూర్చునే పెద్ద గది) తలుపు, మెట్ల వంపు, వంటగది నడవ, వీటన్నిటిలో అతి ఇరుకైన చోటు ఎంతో రాసుకోండి. అట్టముక్కతో అదే కొలతల పెట్టె చేసి, ఆ దారిలో ఇద్దరు మనుషులు తిప్పి చూడటం నవ్వులాటగా అనిపించవచ్చు. ఆ పని చేయని ఒక రోజున నేను సెలూన్ కిటికీ అద్దం ఊడదీయించవలసి వచ్చింది, అద్దం మళ్లీ నీరు కారకుండా బిగించడానికి ఫ్రిజ్ బిగించిన దానికంటే ఎక్కువ సమయం పట్టింది. పాతదాన్ని లోపలే తలుపులు ఊడదీసి, కంప్రెసర్ బిగింపులు విప్పి తీయవచ్చునేమో చూడండి, కానీ గ్యాసు గొట్టం కోయకండి.

ఇంటి ఫ్రిజ్ చవకగా వస్తుందని కొందరు ఇన్వర్టర్ మీద దాన్ని పెడతారు. రేవులోనే ఎక్కువగా ఉండే పెద్ద నావల్లో అది నడుస్తుంది. అయితే అలల్లో తలుపు తెరుచుకోకుండా కొక్కెం మీరే బిగించాలి. చక్రాలు తీసేసి నాలుగు వైపులా నేలకూ గోడకూ బోల్టులతో కట్టాలి, చెక్క మరలు సరిపోవు. వెనక వేడి గాలి పోయే దారి తయారీదారు అడిగినంత ఉండాలి. మూసిన గూట్లో ఇరికించిన ఫ్రిజ్ తన వేడిలో తానే ఉడికి, రోజంతా ఆగకుండా నడుస్తుంది.

తీగ కలపడంలో నావకు ప్రత్యేకమైన నియమాలు రెండు మూడున్నాయి. తగరం పూత వేసిన, సన్నని పోగులు అల్లిన రాగి తీగే వాడండి. ఇళ్లలో వాడే ఒంటి కడ్డీ తీగ అదురుకు విరుగుతుంది. జాయింటు క్రింపుతో వేసి, లోపల జిగురుండి వేడికి ముడుచుకునే గొట్టంతో మూయండి. అమెరికా ఇళ్లలో తిప్పి బిగించే ప్లాస్టిక్ టోపీలు నావలో నిషేధం, టంకం ఒక్కదాని మీదే ఆధారపడిన జాయింటు కూడా అంతే. ఫ్యూజు తయారీదారు చెప్పినంతే వేయండి: పైన చెప్పిన కంప్రెసర్లకు 12 వోల్టులైతే 15 ఆంపియర్లు, 24 వోల్టులైతే 7.5.

పొయ్యి, డ్రయ్యరు, న్యూట్రల్: ప్రాణాంతకమైన చిన్న పట్టీ

అమెరికాలో ఇళ్లకు అమ్మే 240 వోల్టుల కరెంటు పొయ్యిల్లో, బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్లలో న్యూట్రల్‌ను ఇనుప ఒంటికి కలిపే ఒక చిన్న రాగి పట్టీ వెనక టెర్మినల్ దగ్గర ఉండవచ్చు. పాత మూడు తీగల ఇళ్ల కోసం పెట్టినది అది. నావలో దాన్ని తప్పకుండా తీసేయాలి. గట్టు కరెంటు మీద ఉన్నప్పుడు న్యూట్రలూ ఎర్తూ కలవవలసిన చోటు గట్టు మీదే గానీ నావలో కాదు. నావలో కలిస్తే, తిరిగి వెళ్లవలసిన కరెంటులో కొంత ఆకుపచ్చ తీగలోకి, దాని ద్వారా ప్రొపెల్లర్ షాఫ్టుకు, షాఫ్టు నుంచి నీటిలోకి దారి చూసుకుంటుంది. ఆ నీటిలో ఈదే మనిషికి, ముఖ్యంగా మంచినీటి రేవులో, ఒంటి కండరాలు బిగుసుకుపోయి మునిగిపోయే ప్రమాదం ఉంటుంది. చూసేవారికి అది మామూలు మునకలాగే కనిపిస్తుంది.

కొత్త పొయ్యిని ప్లగ్గులో పెట్టక ముందు న్యూట్రల్ పిన్నుకూ ఒంటికీ మధ్య నిరోధం కొలవండి, మీటరు తెగిపోయిన దారిని చూపించాలి. అమర్చడం అయ్యాక నావ మొత్తానికి ఇదే పరీక్ష చేయండి. షోర్ తీగ ఊడదీసి, జనరేటరూ ఇన్వర్టరూ ఆపి, మార్పిడి స్విచ్‌ను షోర్ వైపు ఉంచి, బ్రేకర్లన్నీ ఎత్తి, నావ పక్కనున్న సాకెట్లో న్యూట్రల్, ఎర్తు పిన్నుల మధ్య కొలవండి. ఫేజూ న్యూట్రలూ తారుమారైతే వెలిగే దీపం ఉంటే వేల ఓమ్‌లు కనిపించవచ్చు, అది సహజం. ఒకటి రెండు ఓమ్‌లు కనిపిస్తే ఎక్కడో కలిసింది. బ్రేకర్లు ఒక్కొక్కటిగా దించడం ఇక్కడ సరిపోదు, ఎందుకంటే బ్రేకరు ఫేజునే తెంచి న్యూట్రల్‌ను అలాగే ఉంచే ప్యానెళ్లు ఎక్కువ. ప్యానెల్‌లో న్యూట్రల్ తీగలన్నీ కలిసే కడ్డీ మీది తెల్ల తీగలను ఒక్కొక్కటిగా విప్పుతూ వెతకాలి.

మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే 100 మిల్లీసెకన్లలోపు కరెంటు తెంచేసే ఈఎల్‌సీఐ బ్రేకరు పాత నావల్లో ఉండదు. లేకపోతే ఈ పనితోపాటే వేయించండి. కొత్తగా కట్టిన రేవుల్లో గట్టు పీఠంలోనే ఇలాంటి రక్షణ ఉంటోంది కనుక, పదేళ్లుగా సొంత రేవులో "బాగానే" ఉన్న నావ కొత్త రేవుకు వెళ్లగానే కరెంటు నిలవడం లేదంటే పీఠాన్ని తిట్టకండి, మీ న్యూట్రల్‌ను వెతకండి.

ఒక మాట ఫ్రీక్వెన్సీ గురించి. అమెరికా నావ 50 హెర్ట్జ్ దేశానికి వెళితే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని సరిచేస్తుందే గానీ హెర్ట్జ్‌ను మార్చదు. సాధారణ ఏసీ మోటార్లు ఆరింట అయిదు వంతుల వేగంతో, ఎక్కువ వేడితో తిరుగుతాయి. వేడి తీగ పొయ్యికి, హీటరుకు ఇది పట్టదు, ఎయిర్ కండిషనర్ కంప్రెసర్‌కు పడుతుంది.

మిగతా ఉపకరణాలు త్వరగా చూద్దాం. 120 వోల్టుల 1500 వాట్ల వాటర్ హీటరు ఎలిమెంటు చల్లగా ఉన్నప్పుడు దాదాపు 9.6 ఓమ్‌లు చూపాలి. అనంతం చూపితే కాలిపోయింది. ఎక్కువసార్లు అది కాలడానికి కారణం ట్యాంకులో నీళ్లు నిండకముందే ఎవరో బ్రేకరు ఎత్తడం, కాబట్టి కొత్తది వేశాక వేడి నీటి కుళాయిలో గాలి పోయి ధార నిలకడగా వచ్చే వరకూ ఆగండి. హీటరు మొత్తం మార్చేటట్టయితే ఇంజిన్ వేడి నీటిని తెచ్చే రెండు గొట్టాలను ముందే బిగించి మూయండి, లేకపోతే ఇంజిన్ కూలెంటు అడుగుకు కారిపోతుంది; మళ్లీ కలిపాక ఆ వలయంలో చిక్కుకున్న గాలిని తీయకపోతే తరువాతి ప్రయాణంలో ఇంజిన్ వేడి అలారం మోగుతుంది. ఎయిర్ కండిషనర్ అధిక పీడన లోపం చూపిస్తే గ్యాసును అనుమానించే ముందు నావ పక్కనుంచి సముద్రపు నీరు ధారగా పడుతోందో లేదో తొంగిచూడండి. జల్లెడలో నాచు, గొట్టంలో గాలి, రెండింటిలో ఒకటి దొరుకుతుంది. కొత్త వాషింగ్ మెషీన్ వెనకనుండి తీసిన రవాణా బోల్టులను పారేయకండి, పొడవైన సముద్ర ప్రయాణానికి ముందు అవి మళ్లీ కావాలి.

ఇంజిన్ అలారాలు

ఇంజిన్ అలారం సూత్రం సరళమైనది. కీ తిప్పగానే బజర్‌కు ప్లస్ వస్తుంది. ఇంజిన్ మీది స్విచ్ ఏదైనా ఎర్తుకు కలిస్తే బజర్ మోగుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఒత్తిడి లేనప్పుడు కలిసి ఉంటుంది కాబట్టి, ఇంజిన్ మొదలుపెట్టక ముందు కీ తిప్పితే బజర్ మోగాలి, ఇంజిన్ అందుకున్నాక ఆగాలి. ఉష్ణోగ్రత స్విచ్ దీనికి తిరగబడి, వేడెక్కితేనే కలుస్తుంది. కీ తిప్పినా నిశ్శబ్దంగా ఉంటే సంతోషించకండి. బజర్ మోత భరించలేక తీగ ఊడదీసిన పాత యజమానులు చాలామంది ఉన్నారు. ఆయిల్ స్విచ్ తీగ ఊడదీసి ఇంజిన్ ఇనుముకు ఆనించండి. మోగితే స్విచ్ చెడింది, మోగకపోతే తీగో బజరో చెడింది. ఉష్ణోగ్రత స్విచ్ తీగనూ అలాగే ఆనించి చూడండి. పైకప్పు మీది వేదిక నుంచీ, కింది గది నుంచీ రెండు చోట్ల నడిపే నావల్లో ఈ పరీక్షను రెండు స్థానాల నుంచీ చేయాలి.

గేజికి సంకేతం పంపే సెండరు మార్చేటప్పుడు మరలు సరిపోవడం ఒక్కటే చాలదు. అమెరికా పద్ధతి ఆయిల్ సెండరు ఒత్తిడి సున్నా ఉన్నప్పుడు 240 ఓమ్‌లు, పూర్తి ఒత్తిడి దగ్గర 33 ఓమ్‌లు చూపుతుంది. ఐరోపా పద్ధతిది సున్నా దగ్గర 10, పూర్తి ఒత్తిడి దగ్గర సుమారు 180. ఈ పని కొత్తలో నేను ఒకసారి ఐరోపా రకం సెండరును అమెరికా గేజికి బిగించాను. ఇంజిన్ ఆగి ఉండగా ముల్లు పూర్తి ఒత్తిడి చూపించింది, మొదలుపెట్టగానే కిందికి వాలింది. నా తప్పు రేవులోనే బయటపడటం అదృష్టం, ఎందుకంటే అలా బిగించిన గేజి సముద్రం మీద ఆయిలంతా పోయిన క్షణాన నిండు ఒత్తిడి చూపించి ఉండేది. కాబట్టి పాత సెండరు నిరోధాన్ని ఇంజిన్ ఆగి ఉండగా కొలిచి రాసుకున్నాకే కొత్తది కొనండి. రెండు గేజిలకు ఒకే సెండరు పనిచేసే నావలో సగం నిరోధం ఉన్న ప్రత్యేక రకం కావాలి. ఒంటి గేజి సెండరు వేస్తే రెండు గేజిలూ ఒకే అబద్ధం చెబుతాయి. సెండరు మీద జీ, డబ్ల్యూకే అని రెండు టెర్మినళ్లుంటే మొదటిది గేజికి, రెండోది హెచ్చరిక బజర్‌కు. ఒకే టెర్మినల్ ఉన్న సెండరు తన మరల ద్వారానే ఎర్తు తీసుకుంటుంది కనుక వాటి మీద తెల్ల టేపు దట్టంగా చుట్టకండి.

అడుగున నీరు

నీటితోపాటు పైకి తేలి బిల్జ్ పంపును నడిపే ఫ్లోట్ స్విచ్ వేరు, నీటి మట్టం మితిమీరితే మోగే అలారం ఫ్లోట్ వేరు. రెండోది మొదటిదానికంటే కొంత పైన ఉండి, పంపు ఓడిపోయినప్పుడు మాత్రమే మోగాలి. దానికి సొంత ఫ్యూజు, సొంత తీగ ఇవ్వండి. పంపు ఫ్యూజు పోయినప్పుడే మోగవలసిన అలారానికి అదే ఫ్యూజు నుంచి కరెంటు ఇచ్చిన నావలను నేను చూశాను.

ఫ్లోట్‌ను చేత్తో ఎత్తి చూసి పరీక్ష అయిందనుకోవద్దు. గొట్టంతో నీళ్లు పోయండి. పంపు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది చూడండి. ఆ తరువాత పంపు ఫ్యూజు తీసి ఇంకా నీరు పోసి, అలారం ఏ మట్టం దగ్గర మోగిందో పక్క గోడ మీద గీత గీయండి. పంపు ఆగిన వెంటనే గొట్టంలోని నీరు వెనక్కి కారి మళ్లీ మొదలవుతూ ఉంటే, ఏకముఖ కవాటం వేసి దాన్ని ఆపాలన్న ఆశ పుడుతుంది. ఆ కవాటం ఒక వెంట్రుకో చెక్కపొట్టో పట్టుకుని మూసుకుపోతే పంపు తిరుగుతూనే ఉన్నా నీరు పోదు. ఫ్లోట్‌ను కొద్దిగా ఎత్తుగా అమర్చడమో గొట్టం దారిని కుదించడమో మేలు. డబ్బా మీద గంటకు 2000 గాలన్లు అని రాసి ఉన్నది ఎత్తు లేని, వంపు లేని గొట్టానికి సంబంధించిన అంకె. నాలుగడుగులు పైకి, రెండు వంపులు తిరిగి వెళ్లేటప్పుడు అందులో చాలా భాగం పోతుంది.

విషవాయువు, పొగ, వంట గ్యాసు

కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే ముందు మనుషులను బయటి గాలిలోకి పంపండి, జనరేటరు ఆపండి, కిటికీలు తెరవండి, కారణం తరువాత వెతకండి. పక్కన కట్టిన నావ జనరేటరు పొగ మీ గదిలోకి రావచ్చు, గాలి వెనకనుంచి వీస్తే మీ సొంత ఇంజిన్ పొగే అమరం మీదుగా సెలూన్లోకి తిరిగి రావచ్చు. ఈ అలారం గాలిలో పదిలక్షలకు 400 వంతులుంటే 4 నుంచి 15 నిమిషాల్లో, 70 వంతులే ఉంటే గంట నుంచి నాలుగు గంటల మధ్య మోగేలా తయారవుతుంది, కాబట్టి అది ఆలస్యంగా మోగడం లోపం కాదు.

గట్టున కట్టి, ఏ ఇంజినూ నడవని రాత్రి అది మోగితే చార్జరు దగ్గరకు వెళ్లండి. మితిమీరి చార్జయ్యే లెడ్ యాసిడ్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది, అలారం సెన్సరు దాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా పొరబడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన ఉన్నా, బ్యాటరీ ఒళ్లు చేతికి వేడిగా తగిలినా చార్జరును గట్టు పీఠం దగ్గరే ఆపి, గాలి ఆడనిచ్చి, చల్లారాక ఆ బ్యాటరీని మార్చండి. "అలారం పాడైంది" అని పిలిచిన ఒక నావలో నాకు దొరికింది ఉబ్బిపోయిన బ్యాటరీ. అలారం తన పని తాను చేసింది.

నిమిషానికోసారి కీచుమనేది వేరే సంగతి. బ్యాటరీ తగ్గడమో, ఆయువు తీరడమో దానికి కారణం. ఈ అలారాల సెన్సర్లు రకాన్ని బట్టి అయిదు నుంచి పదేళ్లలో ముగుస్తాయి, వెనక తేదీ ముద్రించి ఉంటుంది. పరీక్ష బొత్తాం నొక్కితే బజర్ పనిచేస్తోందని తెలుస్తుందే గానీ సెన్సరు బతికి ఉందని తెలియదు. పడుకునే ప్రతి గదికీ దగ్గరలో ఒకటి ఉండాలి, వేసే అలారం నావల కోసం తయారైనదై ఉండాలి. వంట గ్యాసు గాలికంటే బరువైనది కనుక దాని సెన్సరు పొయ్యి కింద, నేలకు దగ్గరగా ఉండాలి. దోమల మందు, హెయిర్ స్ప్రే కొట్టినా అది మోగుతుంది, తడిస్తే చెడుతుంది. దీన్ని మార్చేటప్పుడు సిలిండరు దగ్గర కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్ కవాటం అలారంతోపాటే మూసుకుంటోందో లేదో చెవి పెట్టి వినండి.

ఇంజిన్ గదిలో దానంతటదే వాయువు వదిలే మంటలార్పే సిలిండరు ఉంటే, దాని మీది ప్రెషర్ స్విచ్ ప్లగ్గును తెలియక ఊడదీయకండి. వాయువు విడుదలైతే ఇంజిన్లు ఆ మందును పీల్చేయకుండా వాటిని ఆపేసే రిలేలు ఆ తీగ మీదే ఉంటాయి. ఇంజిన్ ఏ కారణమూ లేకుండా ఆగిపోతే, లేదా మొదలుకాకపోతే, ఇంధనం వడపోతల కంటే ముందు ఈ ప్యానెల్ దీపాన్ని చూడండి. వెలగవలసిన దీపం ఆరిపోయి ఉంటే సిలిండరు గేజినీ, ప్లగ్గునూ చూడాలి. లోపం ప్లగ్గులోనే ఉందనీ మంట లేదనీ తేలాకే ప్యానెల్ మీది ఓవర్‌రైడ్ స్విచ్ వాడండి. సిలిండరు తూకం, నింపడం ధృవీకరించిన సంస్థకే వదలండి.

అన్నీ బిగించాక పలకలు వెంటనే మూయకండి. ఒక రాత్రి షోర్ పవర్ తీసేసి, ఫ్రిజ్‌ను బ్యాటరీ మీదే నడపండి. పడుకునే ముందు, తెల్లవారాక బ్యాటరీ వోల్టేజి రాసుకోండి. మరునాడు ఇంజిన్లు వేడెక్కే వరకు గంటసేపు నడిపి, కొత్త జాయింట్లను ఒక్కొక్కటిగా ఉష్ణోగ్రత తుపాకీతో చూడండి. పక్కవాటికంటే వేడిగా ఉన్నదాన్ని విప్పి మళ్లీ క్రింపు చేయండి. ప్రతి కొత్త తీగకూ రెండు చివరలా ఒకే అంకె అంటించి, ఆ అంకెలను, సెండరు నిరోధాలను, అలారాల గడువు తేదీలను ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలివైపు అతికించాకే మరలు బిగించండి.